మద్యం కేసులకు అలవాటుపడ్డ కౌన్సెలర్ దగ్గరికి బెట్టింగ్ కేసు వస్తే

బెట్టింగ్‌తోనో ఆన్‌లైన్ రమ్మీతోనో చితికిపోయిన మనిషిని మన ఊళ్లలో ఇంటివాళ్లు ఎక్కడికి తీసుకెళ్తారు? ఎక్కువగా డీఅడిక్షన్ సెంటరుకు, లేదంటే ఆసుపత్రిలోని మానసిక విభాగానికి. అక్కడ ఎదురుగా కూర్చునే కౌన్సెలరు సాధారణంగా మద్యం, గంజాయి కేసుల్లో చెయ్యి తిరిగినవారు. వాళ్లకు తెలిసినదాంట్లో చాలా భాగం ఇక్కడా పనికొస్తుంది. మందలించకుండా మాట్లాడించడం, మానాలా వద్దా అని ఊగిసలాడుతున్న మనిషిని మానే వైపు మొగ్గేలా చేయడం, మళ్లీ జారిపడే సందర్భాలను ముందే పసిగట్టడం, ఇవన్నీ ఉమ్మడి విద్యలే. లేనిదల్లా డబ్బు సంగతి. అప్పుల లెక్క రాయడం, బ్యాంకు స్టేట్‌మెంటు చదవడం, బుకీ లెక్క ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవడం ఏ కోర్సులోనూ సరిగ్గా చెప్పరు. నిరంతర శిక్షణ కింద కౌన్సెలర్లు పెట్టే గంటల్లో మూడో వంతైనా దీని మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

భారత పునరావాస మండలి దగ్గర నమోదైన క్లినికల్ సైకాలజిస్టులు అయిదేళ్లకు 100 సీఆర్ఈ (నిరంతర పునరావాస విద్య) పాయింట్లు తెచ్చుకోవాలి. అందులో ఇన్ని గంటలు జూదం మీద అని విడిగా నియమం లేదు. అమెరికా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ గ్యాంబ్లింగ్ కౌన్సెలర్ సర్టిఫికేషన్ బోర్డు మొదటి స్థాయి సర్టిఫికెట్‌కే 30 గంటల ప్రత్యేక శిక్షణ, 100 గంటల అనుభవం, 4 గంటల పర్యవేక్షణ అడుగుతుంది. రెండో స్థాయికి శిక్షణ 60 గంటలు, అనుభవం 2,000 గంటలు. ఆ సర్టిఫికెట్ మనకు తప్పనిసరి కాదు. అయినా తొలి మెట్టుకు 30 గంటలన్నది మంచి కొలతే. ఇక్కడ ఏడాదికి 30 గంటలు పెట్టుకోగలిగిన కౌన్సెలరు వాటిని ఎలా వాడుకుంటే మేలో చెబుతాను.

రోగనిర్ధారణ భాగానికి మూడు గంటలు చాలు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 జూద వ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. మొత్తం తొమ్మిది లక్షణాలు. ఏడాది కాలంలో నాలుగు కనిపిస్తే వ్యసనం కింద లెక్క. నాలుగైదుంటే తేలిక, ఆరేడుంటే మధ్యస్థం, ఎనిమిది తొమ్మిదుంటే తీవ్రం. అంతకుముందు జాబితాలో ఉన్న 'డబ్బు కోసం నేరం చేయడం' అన్న పదో లక్షణాన్ని తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీని కోడ్ 6సీ50. బయట ఆడేదానికి, ఆన్‌లైన్‌లో ఆడేదానికి వేర్వేరు ఉపకోడ్లున్నాయి. పబ్జీలాంటి వీడియో గేముల వ్యసనం వేరే కోడ్, 6సీ51. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి 'మొబైల్ అడిక్షన్' అని రాసే కేసు షీట్లు చాలా ఉంటాయి. ఫోన్ లాక్కుంటే సరిపోతుందనుకుని ఇంటికి పంపేస్తే, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. అతను స్నేహితుడి ఫోన్లో ఆడతాడు.

వడపోతకు లై-బెట్ అనే రెండు ప్రశ్నలున్నాయి. ఎంత ఆడుతున్నారన్నదాని గురించి ముఖ్యమైన వాళ్లతో ఎప్పుడైనా అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఇంకా ఇంకా ఎక్కువ డబ్బు పెట్టాలనిపించిందా? ఒక్కదానికి అవునన్నా లోతుగా అడగాలి. తీవ్రత తెలియడానికి పీజీఎస్ఐ అనే ప్రశ్నావళి బాగుంటుంది. తొమ్మిది ప్రశ్నలు, 27 మార్కులు, 8 లేదా ఆపైన వస్తే గట్టి సమస్య. 3 నుంచి 7 మధ్య వచ్చినవారిని 'ఇంకా వ్యసనం కాలేదు కదా' అని వదిలేయకండి. తక్కువ శ్రమతో ఎక్కువ మార్పు తేగలిగేది వాళ్లలోనే.

అడిగే తీరులో ఒక ఇబ్బంది ఉంది. 'మీరు జూదం ఆడతారా?' అంటే నూటికి తొంభై మంది లేదనే అంటారు. ఐపీఎల్ మీద డబ్బు పెట్టేవాడి దృష్టిలో అది జూదం కాదు, తెలివి. అందుకని ఆట పేర్లు ఒక్కొక్కటిగా అడగాలి: పేక, రమ్మీ, మూడు ముక్కలు, లోపలా బయటా, కోడిపందేలు, గుండాట, మట్కా, క్రికెట్ మీద పందెం, ఏవియేటర్ లాంటి క్రాష్ గేములు (పెరిగే రేటు కూలిపోయేలోగా డబ్బు వెనక్కి తీసుకోవాల్సినవి), రంగులు చెప్పే యాప్‌లు. చివర్లో ఆప్షన్స్ ట్రేడింగ్ గురించీ, అంటే షేర్ల ధర ఫలానా గడువులోగా ఎటు పోతుందోనని డబ్బు పెట్టే వ్యాపారం గురించీ, అడగాలి. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వేసిన లెక్క ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్ల నష్టం మొత్తం లక్షా 80 వేల కోట్ల పైచిలుకు. ట్రేడ్ చేసే ప్రతివాడూ వ్యసనపరుడు కాడు. కానీ గడువు తీరే రోజున పోయినదాన్ని ఆ రోజే రాబట్టుకోవాలని మళ్లీ మళ్లీ దిగేవాడి లక్షణాలూ, పోయిన పందెం కోసం తర్వాతి మ్యాచ్‌లో రెట్టింపు పెట్టేవాడి లక్షణాలూ ఒక్కటే.

వాడుతున్న మందులూ అడగాలి. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వల్ల, మానసిక జబ్బులకు ఇచ్చే అరిపిప్రజోల్ వల్ల కొందరిలో జూదం కోరిక పుట్టుకొస్తుంది. అరవై ఏళ్లు పైబడ్డాక హఠాత్తుగా పేకాట మొదలుపెట్టిన పెద్దాయన విషయంలో ఇది మొదటి ప్రశ్న కావాలి. మందు మానేయమని కౌన్సెలరు చెప్పకూడదు. ఆ రోజే డాక్టరుకు చీటీ రాసి పంపాలి.

ఇక అసలు పని, డబ్బు. దీనికి పది గంటలు కేటాయించండి.

శిక్షణలో మొదట ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చదవడం నేర్చుకోవాలి. అసలు కేసుల కాగితాలు వాడకూడదు కాబట్టి నమూనా స్టేట్‌మెంట్లు తయారుచేసుకోవాలి. పచ్చ పెన్ను, ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకుని చూడాల్సినవి ఇవి. వచ్చిన డబ్బులో జీతం ఎంత, లోన్ యాప్ నుంచి పడిందెంత, చేబదులుగా వచ్చిందెంత, ఆటలో గెలిచి వెనక్కి తీసుకున్నదెంత అని విడదీయాలి. పోయిన డబ్బులో గుండ్రటి అంకెలు, అంటే 500, 1,000, 2,000, ఎన్నిసార్లు వచ్చాయో గుర్తుపెట్టాలి. అవి నిమిషాల తేడాతో వరసగా ఉన్నాయా, రాత్రి పదకొండు తర్వాతవా, మ్యాచ్ జరిగే వేళవా అన్నది చూడాలి. చెల్లింపు పేరు తెలియని వ్యక్తుల ఖాతాలకు, రోజుకో కొత్త పేరుకు వెళ్తుంటే అది అక్రమ యాప్ వాడే అద్దె ఖాతా అయ్యే అవకాశం ఎక్కువ. తన ఖాతానే అలా అద్దెకిచ్చారేమో కూడా మెల్లగా అడగాలి. ఇచ్చి ఉంటే అది పోలీసు కేసు దాకా పోతుంది, వెంటనే వకీలు సలహా కావాలి.

కూడికలు కౌన్సెలరు చేయకూడదు. కాలిక్యులేటరు అతని చేతికే ఇవ్వాలి. గెలిచిన రోజులు ప్రతివాడికీ గుర్తుంటాయి, 'మొత్తం మీద పెద్దగా పోలేదండీ' అని నిజంగానే నమ్ముతాడు. తన చేత్తో కూడుకున్న అంకెతో వాదించలేడు. అయితే ఆ అంకె కనపడే క్షణం ప్రమాదకరమైనది కూడా. సెషన్ చివరి పది నిమిషాల్లో, శనివారం సాయంత్రం, ఒంటరిగా ఇంటికి పోయే మనిషితో ఈ కూడిక చేయించకండి. మొదటి అరగంటలో చేయించి, మిగిలిన సమయం ఆ అంకెతో అతను ఎలా ఉన్నాడో చూడటానికి ఉంచుకోవాలి. ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం ఆ రోజు తప్పనిసరి.

తర్వాత అప్పుల పట్టిక. ఎవరికి, అసలెంత, ఇప్పటికి కట్టిందెంత, వడ్డీ ఎంత, నెల కిస్తీ ఎంత, తాకట్టేమిటి, ప్రామిసరీ నోటుగానీ ఖాళీ చెక్కుగానీ ఇచ్చారా, ఈ అప్పు ఇంట్లో ఎవరికి తెలుసు. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు. ఏ అప్పు బయటపడుతుందన్న భయం అతన్ని మళ్లీ ఆటలోకి నెడుతుందో ఆ గడే చెబుతుంది. మొదటిసారి చెప్పిన మొత్తం ఎప్పుడూ పూర్తి మొత్తం కాదు. రెండో సెషన్‌లో, నాలుగో సెషన్‌లో మళ్లీ అడగాలి. అబద్ధం పట్టుకున్నట్టు అడగకూడదు. 'ఇంకా గుర్తొచ్చినవి రాద్దాం' అన్నట్టు అడగాలి. బ్యాంకులు, యాప్‌ల అప్పులు తేలడానికి సులువైన దారి క్రెడిట్ రిపోర్టు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. వడ్డీ వ్యాపారి దగ్గర, బావమరిది దగ్గర, డ్వాక్రా గ్రూపులో భార్య పేరు మీద తెచ్చినవి అందులో కనపడవు. అవి నోటితో అడిగి రాబట్టాల్సిందే.

వడ్డీని ఏడాదికి మార్చి రాయడం అలవాటు చేసుకోవాలి. నూటికి అయిదు రూపాయలంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది. రెండు లక్షల మీద నెలకు పది వేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు, అంటే 60 శాతం. అసలు అలాగే ఉంటుంది. ఇలా రాసి చూపిస్తే ఏది ముందు తీర్చాలో అతనికే తెలుస్తుంది. మామూలుగా వరస ఇలా ఉంటుంది. ముందు బియ్యం, అద్దె, కరెంటు, పిల్లల ఫీజు, మందులు. ఆ తర్వాత వేలానికి దగ్గరపడ్డ బంగారం తాకట్టు. ఆపైన ఎక్కువ వడ్డీవి. వడ్డీ లేని చేబదుళ్లు చివర్న, కాకపోతే ఆ మనుషులకు ఫోన్ చేసి గడువు అడగడం మాత్రం మొదటి వారంలోనే జరగాలి. గొంతు చించుకుని అరిచేవాడికి ముందు కట్టేయడం అందరూ చేసే తప్పు. అరిచేది చిన్న లోన్ యాప్ కావచ్చు, నిశ్శబ్దంగా నోటీసు పంపేది నగలు వేలం వేసే సంస్థ కావచ్చు. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించాలి.

బుకీకి పడ్డ బాకీ వేరే రకం. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన డబ్బు కోసం కోర్టులో దావా వేయడం కుదరదు. బుకీలు అందుకే ఖాళీ చెక్కులు, నోట్లు ముందే రాయించుకుంటారు. చెక్కు బౌన్సు నోటీసు వస్తే దాన్ని తలగడ కింద దాచే అలవాటు చాలామందికి ఉంటుంది. నోటీసు అందాక డబ్బు కట్టడానికి ఉండేది 15 రోజులే. ఆలోగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపాలి, ఫోన్ 15100. ఈ రెండు విషయాలు తెలిసిన కౌన్సెలరు ఒక వారం నిద్రను తిరిగి ఇవ్వగలరు.

ఇక కుటుంబం. తండ్రి ఎకరం అమ్మి అప్పంతా ఒక్కసారే కట్టేస్తానంటాడు. అత్తగారు నగలు తీసిస్తారు. ప్రేమతోనే చేస్తారు, అయినా ఎక్కువసార్లు చెడేది ఇక్కడే. ఒక్కరోజులో అప్పు మాయమైతే ఆటకు మిగిలే ఫలితం 'పోయినా ఎవరో ఒకరు కడతారు' అన్నది. తిరిగి అప్పు పుట్టే స్తోమత కూడా వస్తుంది. డీఎస్ఎం-5 తొమ్మిదో లక్షణం కూడా ఇదే, కష్టం నుంచి గట్టెక్కడానికి ఇతరుల డబ్బు మీద ఆధారపడటం. అలాగని 'ఒక్క పైసా ఇవ్వొద్దు' అని తండ్రికి చెప్పడమూ తప్పే. ప్రాణహాని ఉన్న అప్పు, వేలానికొచ్చిన ఇల్లు ఆగవు. పాత్రలు వేసుకుని సాధన చేయాల్సిన సంభాషణ ఇది:

'నాన్నగారూ, పొలం మీది. అమ్మాలా వద్దా అన్నది మీ నిర్ణయం. అమ్మినా డబ్బు అబ్బాయి చేతికి గానీ అతని ఖాతాకు గానీ వెళ్లకుండా, పట్టికలో ఉన్న అప్పుకు నేరుగా కట్టి రసీదు తెచ్చుకుందాం. ఒకేసారి అన్నీ కాదు, ఈ నెల ఈ రెండు. మిగతాది అతని జీతంలోంచి కడతాడు.'

భార్యకు విడిగా సెషన్ ఉండాలి, భర్త పక్కన లేకుండా. తన పేరు మీద సంతకాలు పెట్టించారా, కొట్టారా, బంగారం ఎక్కడుందో తెలుసా అన్నవి ఆయన ఎదుట అడిగితే నిజం రాదు. ఆమె ఆధార్, పాన్, ఫోన్ ఓటీపీలు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా అడగాలి.

డబ్బు అందకుండా చేసే ఏర్పాటు అతని ఒప్పుదలతో జరగాలి, గడువుతో జరగాలి, కాగితం మీద రాయాలి. ఒక పద్ధతి ఇలా ఉంటుంది. జీతం పడే ఖాతాకు యూపీఐ తీసేయడం, కార్డు ఇంట్లో మరొకరి దగ్గర ఉంచడం, రోజువారీ ఖర్చుకు వేరే ఖాతాలో వారానికి 1,000 లేదా 1,500 వేయడం, ఆరు నెలలకు మళ్లీ కూర్చుని సడలించడం. ఫోన్లో బెట్‌బ్లాకర్ వేయొచ్చు. ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చే ఉచిత యాప్ అది. టెలిగ్రామ్‌లోని టిప్పర్ల (దేని మీద పందెం పెట్టాలో చెప్పేవాళ్ల) గ్రూపుల నుంచి బయటికి రావడం, బుకీ నంబరు బ్లాక్ చేయడం కౌన్సెలరు ఎదుటే జరగాలి. ఇంటికెళ్లి చేస్తానన్నది సాధారణంగా జరగదు.

ఆత్మహత్య విషయంలో మూడు గంటల సాధన కనీసం ఉండాలి. ఇతర వ్యసనాలతో పోలిస్తే ఇక్కడ వాసన రాదు, తూలడు, ఉద్యోగానికి వెళ్తూనే ఉంటాడు. ఇంటివాళ్లకు అప్పు తెలిసేది కూడా చివరికే. ప్రమాదం పెరిగే రోజులు తెలిసినవే: పెద్ద మొత్తం పోయిన రాత్రి, ఇంట్లో బయటపడిన రోజు, అప్పులవాళ్లు గడప ఎక్కిన రోజు. మొహమాటపడి చుట్టూ తిప్పి అడిగే ప్రశ్న పనిచేయదు. 'ఇంత అప్పు మీద పడ్డప్పుడు చచ్చిపోవాలని చాలామందికి అనిపిస్తుంది. మీకు అనిపించిందా? ఎప్పుడు? ఎలా అన్నది కూడా ఆలోచించారా? అది ఇంట్లో అందుబాటులో ఉందా?' అని నేరుగా అడగాలి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం తప్పు. పల్లెల్లో పురుగుమందు ఇంట్లోంచి ఆ రోజే తీయించడం మొదటి పని, రాత్రి తోడు ఎవరుంటారో నిర్ణయించడం రెండోది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115 భావిస్తుంది. కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆగే కుటుంబాలకు ఇది చెప్పాలి.

ఆలోచనా లోపాలను సరిదిద్దే సెషన్లకు లెక్క కావాలి. మెదడులోని డోపమైన్ రసాయనం బొమ్మలున్న స్లైడ్లు చూపించి గంట గడిపేయడం ఎక్కువ శిక్షణల్లో జరిగేది. అది విని 'నా మెదడే అంత' అని చేతులెత్తేసేవాళ్లున్నారు. దానికన్నా బుకీ లెక్క చెప్పండి. రెండు జట్లూ సమానమని అందరూ అనుకునే మ్యాచ్‌లో ఒక్కోదానికి 1.90 రేటు ఇస్తాడు. వంద పెట్టి గెలిస్తే 190 వస్తుంది. సగంసార్లు గెలిచినా సగటున చేతికొచ్చేది 95. ప్రతి వందకూ అయిదు రూపాయలు బుకీవి. అదే వందను ఇరవైసార్లు తిప్పితే సగటున ఆ వందా వాడిదే. ఆటగాడి తెలివి ఈ అయిదు రూపాయలను దాటాలి, అదీ ప్రతిసారీ.

రెట్టింపు పెట్టే పద్ధతి గురించి కూడా కాగితం మీద రాయించాలి. 500తో మొదలుపెట్టి ఓడినప్పుడల్లా రెట్టిస్తే ఎనిమిదో పందెం 64,000. అప్పటికి మొత్తం పెట్టింది 1,27,500. గెలిస్తే పూర్తి రెట్టింపు ఇచ్చే ఆటలో కూడా ఎనిమిదోది గెలిస్తే మిగిలేది 500 మాత్రమే. ఈ ఒక్క వరస చూసి తల పట్టుకునేవాళ్లు ఎంతోమంది.

లెక్క చెప్పేటప్పుడు వాదనలోకి దిగితే మాత్రం చెడుతుంది. 'ఒక్క మ్యాచ్ కొడితే మొత్తం తీర్చేస్తానండీ' అంటాడు. 'అది జరగదు' అంటే అతను తన గెలుపులన్నీ ఏకరువు పెడతాడు. 'అప్పు ఒక్కసారిగా దిగిపోవాలని ఉంది మీకు. రోజూ ఫోన్లు భరించలేకపోతున్నారు' అనండి. నిశ్శబ్దం వస్తే రానివ్వండి. తర్వాత 'ఇంతకుముందు అలా పెద్దది కొట్టిన రోజు ఆ డబ్బు ఎన్నాళ్లుంది?' అని అడగండి. జవాబు సాధారణంగా గంటల్లో ఉంటుంది.

మళ్లీ జారిపోయే రోజులకు మన క్యాలెండరు మనకుంది. సంక్రాంతి మూడు రోజులు, మార్చి నుంచి మే దాకా ఐపీఎల్, దీపావళి పేక, జీతం పడే తారీఖు, చీటీ పాట చేతికొచ్చిన రోజు. వీటికి వారం ముందే సెషన్ పెట్టాలి, ఆ సాయంత్రాలు ఎక్కడ ఎవరితో ఉంటాడో రాయించాలి. భీమవరం వైపు సొంతూరున్నవాడికి పండక్కి ఊరెళ్లొద్దని చెప్పడం కుదిరే పని కాదు. బరుల దగ్గరికి వెళ్లే బావల గుంపుతో కాకుండా ఎవరితో ఉంటాడన్నది ముందే తేల్చుకోవాలి, జేబులో డబ్బు ఎంతుంటుందో కూడా.

చట్టం మీద రెండు గంటలు చాలు, కానీ ఏటా మళ్లీ చదవాలి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా, ప్రకటనలకు రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవారికి ఆ కేంద్ర చట్టంలో శిక్ష లేదు. రాష్ట్ర చట్టాల కింద ఆడినవారి మీద కూడా కేసు పెట్టే వీలుంది. అందుకే 'మీరు చెప్పేది ఎక్కడికీ పోదు' అని గుడ్డిగా మాటివ్వకూడదు. 2017 చట్టం సెక్షన్ 23 గోప్యతను హక్కుగా ఇచ్చింది, ప్రాణహానిలాంటి మినహాయింపులూ పెట్టింది. మొదటి సెషన్‌లోనే రెండూ చెప్పేయాలి. యాప్‌లు మూతపడితే ఆట ఆగిపోయిందని అనుకోవద్దు. విదేశీ సైట్లు, వాట్సాప్ బుకీలు, క్రిప్టో దారులున్నాయి. అడిగే జాబితా కూడా వాటికి తగ్గట్టు మారాలి.

అమెరికాలో మన తెలుగువాళ్లను చూసే కౌన్సెలర్లకు పరిస్థితి తలకిందులు. 2018 మే 14న అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలు క్రీడల పందేలను చట్టబద్ధం చేసుకునే వీలొచ్చింది. న్యూజెర్సీలో ఉన్న కుర్రాడి ఫోన్లో అది లైసెన్సున్న యాప్. ఇంటికి పంపాల్సిన డబ్బు, చదువు అప్పు కిస్తీ, వీసా భయం, ఇక్కడ తల్లిదండ్రులకు తెలియకూడదన్న పంతం, ఇవి అక్కడి ఫారాల్లో ఉండవు. విడిగా అడగాలి. అక్కడివారికి ఒక వెసులుబాటు ఉంది: 'నన్ను ఆడనివ్వొద్దు' అని తమకు తామే పేరు రాయించుకునే జాబితాలు రాష్ట్రాల దగ్గరే ఉంటాయి, 1-800-గ్యాంబ్లర్ హెల్ప్‌లైన్ ఉంటుంది.

శిక్షణ ఎలా జరగాలన్నది ఇంకో ముఖ్య విషయం. ఒక రోజు వర్క్‌షాపు, భోజనం, గ్రూపు ఫొటో, సర్టిఫికెట్, దీనితో నైపుణ్యం చాలినంత రాదు. విలియం మిల్లర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో వ్యసన చికిత్స చేసే 140 మంది నిపుణులకు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే ఊగిసలాడే మనిషిని మందలించకుండా మాట్లాడించి మార్పు వైపు మొగ్గేలా చేసే పద్ధతి, నేర్పించి చూశారు. వర్క్‌షాపు తర్వాత వాళ్ల సెషన్ల మీద అభిప్రాయం చెప్పించుకున్నవారిలో, కోచింగ్ పొందినవారిలో నైపుణ్యం ఎక్కువ పెరిగింది. వర్క్‌షాపుతో ఆగినవారిలో అంతగా పెరగలేదు. కాబట్టి 30 గంటల్లో 12 గంటలు నెలకో గంట చొప్పున పర్యవేక్షణకు ఉంచాలి. నలుగురైదుగురు కౌన్సెలర్లు, ఒక అనుభవజ్ఞుడు, ఒప్పుదల తీసుకుని రికార్డు చేసిన ఇరవై నిమిషాల సెషన్, పేర్లు తీసేసి. వినేటప్పుడు కేసు ఎంత విచిత్రమైనదన్న చర్చకు పోకుండా మూడు లెక్కలు వేయాలి. కౌన్సెలరు ఎన్ని ప్రశ్నలు వేశారు, అతను చెప్పినదాన్ని ఎన్నిసార్లు తిరిగి పలికారు, ఎవరు ఎక్కువసేపు మాట్లాడారు. ప్రశ్నల కన్నా తిరిగి పలికినవి ఎక్కువుంటే మంచి సెషన్. మద్యం కేసుల నుంచి వచ్చినవారు డబ్బు మాట రాగానే వరసగా ప్రశ్నలు కురిపిస్తారు. రికార్డు వింటే వాళ్లకే తెలుస్తుంది.

నివారణ తరగతులకు కాలేజీలు పిలుస్తుంటాయి. భయపెట్టే ఉపన్యాసం, ఆత్మహత్యల పేపర్ కటింగులు వద్దు. ఆడనివాళ్లకు అవసరం లేదు, ఆడుతున్నవాళ్లు 'నేను అంత దూరం పోను' అనుకుంటారు, ఆ ఆలోచన ఉన్నవాళ్లకు కటింగులే హాని చేస్తాయి. నలభై నిమిషాల్లో చేయగలిగినది ఒకటుంది. తరగతిని రెండుగా విడగొట్టండి. ఒక సగం నిజంగా రూపాయి బిళ్లను వందసార్లు ఎగరేసి బొమ్మా బొరుసూ వరసగా రాయాలి. రెండో సగం ఎగరేయకుండా మనసులో ఊహించి వంద రాయాలి. కాగితాలు కలిపేసి ఇవ్వమనండి. ఏది నిజమైనదో మీరు దాదాపు అన్నిసార్లూ పట్టేస్తారు. నిజం బిళ్లలో ఒకే ముఖం వరసగా అయిదుసార్లో ఆరుసార్లో వచ్చిన చోటు దాదాపు తప్పకుండా ఉంటుంది. ఊహించి రాసినవాళ్లు మూడు బొమ్మలు కాగానే 'ఇక బొరుసు రావాలి' అని మార్చేస్తారు. 'వరసగా నాలుగుసార్లు ఎరుపొచ్చింది, ఇప్పుడు పచ్చే' అని డబ్బు పెట్టేవాడి ఆలోచన ఆ క్షణంలో వాళ్ల కాగితం మీదే దొరుకుతుంది. వెంటనే 1.90 లెక్క బోర్డు మీద వేయండి, స్వాగత బోనస్ వెనక్కి తీసుకోవడానికి ఎన్నిసార్లు తిప్పాలని షరతు పెడతారో చదివించండి. చివరి అయిదు నిమిషాలు 14416 నంబరు రాసి, తరగతి అయ్యాక అరగంట ఖాళీ గదిలో ఒంటరిగా కూర్చోండి. మాట్లాడాలనుకున్నవాడు అందరి ముందు రాడు. రికార్డు బుక్కో, మరిచిపోయిన వాటర్ బాటిలో వెతుక్కునే నెపంతో వస్తాడు.